సంతకాల కింద ఖాళీ చోటు

నీళ్ళకు గీత గీసి, ఇంతవరకే రావాలి అని చెప్పిన దేవునికి స్తోత్రం. తన కొట్లలో నుంచి గాలిని బయటికి పంపి, పని అయ్యాక మళ్ళీ కొట్లలోకి పిలుచుకునే ఆయనకు స్తోత్రం. కొల్లేటి లంకలో పుట్టి, బురదలో నడక నేర్చి, పలక పట్టుకొని పడవలో బడికి వెళ్ళిన నన్ను ఈ రోజు వరకు ఆరిన నేల మీద నిలబెట్టిన ఆయన కృపకు వందనాలు. ముందుగా ఈ మాట చెప్పుకోకుండా ఈ సంగతి రాయడానికి నాకు భయం. ఎందుకంటే రాయబోయేది ఆయన నమ్మకత్వం గురించి కాదు. మా అనుమానం గురించి.

మొన్న వాయుగుండం పట్టినప్పుడు తమ్ముడు ప్రసాదు భార్యాపిల్లలతో తాడేపల్లిగూడెంలో మా ఇంటి ముందు ఆటో దిగాడు. రెండు సంచులు, ఒక కుక్కర్, పిల్లల పుస్తకాలు. "తుఫాను హెచ్చరికని ఫోను కూసిందక్కా, వచ్చేశాం" అన్నాడు, పెళ్ళికి వచ్చినంత తేలిగ్గా. కాఫీ ఇచ్చాను. పిల్లలకు తువ్వాలు ఇచ్చాను. ఆ తరువాత, నేను అడగాలని అనుకోకుండానే నా నోటి వెంట ఒక ప్రశ్న వచ్చింది. "బయల్దేరేటప్పుడు ఎవరైనా పేర్లు రాసుకున్నారా? సంతకం ఏమైనా అడిగారా?" వాడు నవ్వేశాడు. "ఫోనుకి సంతకమేంటక్కా?" మా మరదలు కూడా నవ్వింది. "వదినగారికి ఇంకా ఆ భయం పోలేదండీ" అంది వాడితో. నేనూ నవ్వి వంటింట్లోకి వెళ్ళాను. కడిగిన బియ్యమే మళ్ళీ కడిగాను. నాది భయం కాదు. అది ఏమిటో వాళ్ళకు తెలియదు. తమ్ముడు అప్పుడు హాస్టల్లో ఉన్నాడు, ఊళ్ళో లేడు. ఉన్నవాళ్ళలో కూడా తెలిసినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే.

మా ఇల్లు లంకలో చర్చికి మూడో ఇల్లు. రెండు గదులు, ముందు తాటాకు పందిరి. అమ్మ పొయ్యి రాజేస్తే వచ్చే పొగ, చూరు కింద వేలాడే ఎండు రొయ్యల వాసన, గోడ అవతల కుళ్ళుతున్న గుర్రపుడెక్క వాసన, చేపల మేత కోసం నానబెట్టిన వేరుశనగ చెక్క పులిసిన వాసన, ఈ నాలుగూ కలిస్తే మా ఇల్లు. ఏలూరులో టీచరు ట్రైనింగు చదువుతూ హాస్టల్లో ఉండేదాన్ని. సెలవుల తరువాత వెళ్ళి పెట్టె తెరిస్తే పక్క మంచం అమ్మాయిలు ముక్కు మూసుకునేవారు. నేను కూడా వాళ్ళతో పాటు ముక్కు మూసుకొని, వాళ్ళు పడుకున్నాక ఓణీ ముఖం మీద వేసుకొని ఆ వాసన పీల్చుకుంటూ నిద్రపోయేదాన్ని.

నాన్న సంఘపెద్ద. ఆదివారం చర్చి తలుపు తీసేది ఆయనే, చివర తాళం వేసేదీ ఆయనే. ఆయన నమ్మింది దేవుణ్ణొక్కణ్ణే. మిగతావన్నీ వాసన చూసేవాడు. చెక్క బస్తా వస్తే మూతి విప్పి, మోచెయ్యి మునిగేదాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి పిడికెడు తీసి నోట్లో వేసుకునేవాడు. చేపపిల్లలు తెచ్చిన వ్యాను డ్రైవరును వరస కలిపి నవ్విస్తూనే, డ్రమ్ములో నీళ్ళు దోసిట్లోకి తీసుకొని వెలుగుకు పెట్టి చూసేవాడు. పెళ్ళి శుభలేఖ ఇచ్చినా ముందు వెనక్కి తిప్పి చూసేవాడు. "ముందు వైపు అందరికీ రాస్తారమ్మాయ్. అసలు సంగతి వెనక్కాల ఉంటాది" అనేవాడు. మేం నవ్వేవాళ్ళం. కానీ ఊళ్ళో ఎవరికి ఏ కాగితం వచ్చినా మా పందిరి కిందికే తెచ్చేవారు, నాన్న తిప్పి చూస్తే చాలని. నేను పై చదువులోకి వచ్చాక ఆ కాగితాలు నా చేతికి ఇచ్చి, నేను చదువుతుంటే పక్కన కూర్చొని గడ్డం నిమురుకునేవాడు. ఆ నిమరడం చూడటం కోసమే కొన్నిసార్లు లేని మెలికలు వెతికేదాన్ని. దేవుడు నన్ను క్షమించునుగాక.

ఇంట్లో నాన్నకు ఎదురు చెప్పగల మనిషి ఒక్కరే, మా మామ్మ. నాన్నను కన్న తల్లి. రేవు మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకొని అప్పటికి ఏడాదిగా మంచంలోనే ఉంది. అక్షరం రాదు. కానీ వెనకటి రోజుల్లో లంకల వెంట పడవలో తిరిగి వాక్యం చెప్పిన బోధకురాళ్ళ దగ్గర వినివిని సగం గ్రంథం కంఠతా పట్టింది. బాప్తిస్మంతో పాటు అన్నీ వదిలేసింది గానీ వక్కపొడి వదల్లేదు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో నాన్న వాక్యం చదువుతూ ఒక మాట దాటేస్తే మంచంలోంచి దగ్గేది. దగ్గు కాదది. దిద్దుబాటు.

నేను ట్రైనింగులో ఉన్న ఆ ఏడాది ఎండల్లో సర్కారువాళ్ళు సరస్సులో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. పెద్ద పెద్ద యంత్రాలు వచ్చి, నేలను కరిచి ఎత్తి పక్కకు పోశాయి. సరస్సు సరస్సులా ఉండాలన్నారు. అది మంచికో చెడుకో వాదించడానికి ఇది చోటు కాదు. మా చుట్టూ ఉన్న లంకల్లో గట్లన్నీ పోయి, మా ఊరి ఉమ్మడి చెరువు ఒక్కటి మిగిలింది. ఊరు చివరిది కావడం వల్లనో, వానలు ముందుగా పడటం వల్లనో తెలియదు. అరవై ఇళ్ళకూ అందులో వాటా ఉంది. పిల్లల చదువు అదే, పెళ్ళిళ్ళు అవే, చర్చికి సున్నం అదే. గట్లు కొట్టకముందు పక్క లంకల్లో కొందరు ఆఫీసువాళ్ళు తిరిగి పేర్లు రాసుకొని సంతకాలు తీసుకున్నారు. ఆ సంతకాలకూ ఆ తరువాత వచ్చిన యంత్రాలకూ సంబంధం ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఊరికి మాత్రం తెలుసు. "సంతకం పెట్టారు, గట్టు పోయింది" అన్నది మాకు పదకొండో ఆజ్ఞ అయిపోయింది. ఆ వానాకాలమంతా నాన్న రోజూ పొద్దున్నా సాయంత్రం గట్టు మీద నడిచి వచ్చేవాడు. రాత్రి కాపలాకు వంతులు వేశారు. దూరాన లారీ ఇంజను శబ్దం వినిపిస్తే ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగి వినేవాళ్ళం.

అటువంటి రోజుల్లో తుఫాను కబురు వచ్చింది. నేను సెలవులకు ఇంట్లో ఉన్నాను. మబ్బు కమ్మింది గానీ చినుకు ఇంకా పట్టుగా పడటం లేదు. తూర్పుగాలి కిక్కిస పొదల్ని ఒక వైపుకు దువ్వుతోంది. మధ్యాహ్నం భోజనాల వేళకు ఊరి బాట చివర రెండు ట్రాక్టర్లు ఆగాయి. మండలాఫీసు నుంచి వచ్చిన ఒకాయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకొని, ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఒక పుస్తకం గుండెకు అదుముకొని చర్చి వరండాలోకి వచ్చాడు. ఊరంతా అక్కడ చేరింది.

"తుఫాను రేపటికి తీరం దాటుతుందంటున్నారండీ. మీది లోతట్టు ఊరు. హైస్కూల్లో అన్ని ఏర్పాట్లూ చేశామండీ. పడుకోవడానికి చాపలు, మూడు పూటలా భోజనం. దయచేసి అందరూ బయల్దేరండి" అన్నాడాయన. గొంతు బొంగురుపోయి ఉంది. ఉదయం నుంచి ఎన్ని ఊళ్ళలో ఈ మాట చెప్పి వచ్చాడో.

"భోజనంలోకి కూరేంటండీ?" అన్నాడు యాకోబు బాబాయి. ఆయన మా పక్కింటాయన. చావు ఇంట్లో కూడా ఒక్కసారైనా నవ్వించకుండా లేచేవాడు కాదు. అందరూ నవ్వారు. ఆఫీసరుగారు కూడా నవ్వాడు.

"ఏదో ఒకటి వండుతారు లెండి. ఇంటికొకరు ఇందులో సంతకం పెట్టి ఎక్కేయండి."

నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది.

"ట్రాక్టరెక్కడానికి సంతకమేంటండీ?" అన్నాడు నాన్న.

"ఎంతమంది వస్తున్నారో తెలియాలి కదండీ. అన్నం దానికి తగ్గట్టు వండాలి."

"అన్నం పెట్టేవోడు ఆకేత్తాడు గానీ సంతకం అడుగుతాడేంటండీ?" అన్నాడు యాకోబు బాబాయి. "మా అత్తోరింట్లో కూడా అడగలేదు. వాళ్ళకి నా మీద అనుమానం ఉండేది కూడాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. వెనక నుంచి ఒకావిడ అడిగింది. "మేమందరం ఎల్లిపోతే ఊళ్ళో ఎవరుంటారండీ?"

"ఎవరూ ఉండక్కర్లేదమ్మా. అందుకే కదా వచ్చాం."

పాపం, ఆయన ధైర్యం చెప్పాలని అన్న మాట అది. అది విన్న ఒక్కొక్క ముఖం మూసుకుపోవడం నేను చూశాను. ఊళ్ళో ఎవరూ లేని రోజున మా గట్టు దగ్గరికి ఏవి వస్తాయో వాళ్ళందరి కళ్ళ ముందూ కనపడుతోంది. "ఆ పుస్తకం ఒకసారి ఇవ్వండి, మా అమ్మాయి చదువుతాది" అన్నాడు నాన్న.

పుస్తకం నా చేతికి వచ్చింది. ఇక్కడ నేను నెమ్మదిగా రాయాలి. గీతలు గీసిన పేజీ. ఇంటి యజమాని పేరు, పెద్దవాళ్ళు ఎందరు, పిల్లలు ఎందరు, సంతకం. ముందు పేజీల్లో వేరే ఊరి పేర్లు, సంతకాలు, వేలిముద్రలు ఉన్నాయి. వెనక్కి తిప్పి చూశాను. వెనక ఏమీ లేదు. నిజం చెబుతున్నాను, అనుమానించవలసింది నాకు అందులో ఒక్కటీ కనపడలేదు. అది భోజనాల జాబితా, అంతే. కానీ ఊరంతా నా ముఖం వైపు చూస్తోంది. నాన్న గడ్డం మీద చెయ్యి పెట్టుకొని ఎదురుచూస్తున్నాడు. పట్నంలో చదివొచ్చిన పిల్ల పుస్తకం తిరగేసి "ఏమీ లేదు" అంటే, ఆ మాట చెప్పడానికి అంత చదువెందుకు? పేజీ కింద సగం ఖాళీగా ఉంది. నా వేలు దాని మీద ఆగింది.

"పైన అంతా బాగానే ఉంది నాన్నా. కింద చాలా ఖాళీ ఉంది. మనం సంతకాలు పెట్టాక ఇక్కడ ఏమైనా రాసుకోవచ్చు."

నాన్న గడ్డం నిమురుకున్నాడు.

ఆఫీసరుగారు నా వైపు తిరిగాడు. "చదువుకున్న పిల్లవి, నువ్వు కూడానా అమ్మా" అన్నాడు. కోపంగా కాదు, అలసటగా. తరువాత జేబులోంచి పెన్ను తీసి, ఆ ఖాళీ మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఒక అడ్డగీత గీశాడు. "ఇదిగోనండీ, కొట్టేశాను. ఇక ఎవరూ ఏమీ రాయలేరు. సరేనా?"

యాకోబు బాబాయి నాన్న చెవి దగ్గర చెప్పిన మాట అందరికీ వినపడింది. "అంత గబుక్కున కొట్టేశాడంటే, ఏదో ఉన్నట్టే కదన్నయ్యా."

మా పాస్టరుగారు ఏలూరు నుంచి కొత్తగా వచ్చిన చిన్న వయసాయన. పెద్దలు ఎలా అంటే అలా చేద్దామన్నాడు. నాన్న ప్రార్థన చేశాడు. ఆయన ప్రార్థన ఎప్పుడూ బాగుండేది, ఆ రోజు ఇంకా బాగుంది. సందేహించేవాడు గాలికి కొట్టుకుపోయే అల వంటివాడని చెప్పాడు, ప్రభువు పడవలో ఉంటే పడవ మునగదని చెప్పాడు. అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు. నేను కూడా అన్నాను. ఆఫీసరుగారు కళ్ళజోడు మీద పడ్డ చినుకులు చొక్కా అంచుతో తుడుచుకొని వెళ్ళిపోయాడు. ఆయన వెంట అంగన్‌వాడీ ఆయమ్మ ఒక్కతే తన పిల్లలతో ట్రాక్టరెక్కింది. ఆమెది మా ఊరు కాదు. ఆమెకు చెరువులో వాటా లేదు.

ఇంటికి వచ్చేసరికి మామ్మ తల ఎత్తి గుమ్మం వైపు చూస్తూ ఉంది. కాళ్ళ దగ్గర ఒక చిన్న మూట ఉంది. రెండు చీరలు, వక్కపొడి డబ్బా. అమ్మ చేత కట్టించుకుంది.

"ట్రాక్టరు ఎల్లిపోయిందా?" అంది.

"ఎల్లిపోయిందమ్మా" అన్నాడు నాన్న.

"నన్ను ఎక్కించకుండానా?"

"మనకి దేవుడున్నాడమ్మా."

"హైస్కూల్లో లేడంట్రా?"

మామ్మ తల దిండు మీద పెట్టుకొని, చూరు వైపు చూస్తూ చెప్పింది. "నీది విశ్వాసం కాదురా అబ్బాయ్. దేవుడి మీద నమ్మకం ఎక్కువై ఉండిపోలేదు నువ్వు. మనుషుల మీద నమ్మకం లేక ఉండిపోయావు. రెంటికీ ఒకటే పేరు పెట్టమాకు." మళ్ళీ తనే అంది. "గాలికి నాకు భయం లేదు. గాలి పోయాక వత్తాయి నీళ్ళు. పైన కొండల్లో పడ్డ వాన మూడోనాటికి మన గుమ్మంలో ఉంటాది. ఎండ కాత్తా ఉండగా వత్తాది. నన్ను మొయ్యాలంటే నలుగురు కావాలి. నలుగురు నా కాడ ఆగిపోతే పిల్లల్నెవరు మోత్తారు?"

"అంత దూరం రాదులేమ్మా" అని నాన్న గట్టు చూసి రావడానికి బయటికి వెళ్ళిపోయాడు.

నేను మంచం పక్కన కూర్చున్నాను. మామ్మ నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు చదివావంట కదా. ఆ కాయితంలో ఏవుందే?"

"ఏం లేదు మామ్మా. పేర్లు" అన్నాను.

"మరి ఆ ముక్క అక్కడెందుకు చెప్పలేదే?"

"వక్కపొడి పెట్టనా మామ్మా" అన్నాను నేను.

ట్రాక్టర్లు అప్పటికి పక్క లంక దగ్గర ఆగి ఉన్నాయి. వాటి ఇంజను శబ్దం గాలిలో వచ్చి పోతోంది. బాట వెంట పరుగెత్తితే పావుగంట పట్టదు. నాన్న దగ్గరికి వెళ్ళి, నేనన్నది ఉత్త మాట, ఆ కాగితంలో ఏ దోషమూ లేదని చెప్పడానికి అంత కూడా పట్టదు. ఆ శబ్దం పూర్తిగా ఆగిపోయేదాకా నేను మామ్మ మంచం పక్కనే కూర్చున్నాను. చీకటి పడ్డాక గాలి వచ్చింది. తుఫాను వేరే చోట తీరం దాటింది. మాకు నాలుగు పందిళ్ళు ఎగిరిపోయాయి, చర్చి కిటికీ రెక్క ఒకటి విరిగింది. తెల్లవారేసరికి ఎండ.

ఆ రెండు రోజులూ మా ఊరంత సంతోషంగా ఉన్న ఊరు ఇంకొకటి ఉండి ఉండదు. చర్చిలో స్తుతి ఆరాధన జరిగింది. గట్టు గట్టుగానే ఉంది, ఏ యంత్రమూ రాలేదు. రాలేదు కాబట్టి రావడానికి ఏమీ లేదేమోనని ఎవరికీ అనిపించలేదు. మనం కదలకపోబట్టే రాలేదు అన్నారు. "ఆ ఆఫీసరుగారు మన కోసం వండించిన అన్నం ఎవరు తిన్నారో పాపం" అన్నాడు యాకోబు బాబాయి. అమ్మ తడిసిన బట్టలు, పరుపులు ఎండలో వేసింది. మామ్మ మాత్రం మూట విప్పనివ్వలేదు.

మూడో రోజు పొద్దున్న రేవుకు వెళ్ళినవాళ్ళు ఖాళీ బిందెలతోనే తిరిగి వచ్చి మా గడప దగ్గర నిలబడ్డారు. కొల్లేటి నీళ్ళు నల్లగా ఉంటాయి. ఆ రోజు ఎర్రగా ఉన్నాయి. పైన ఏరుల నీళ్ళు అవి. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు, తీగ మీద బట్టలు ఆరుతూనే ఉన్నాయి, కింద నీళ్ళు చప్పుడు లేకుండా పెరుగుతున్నాయి. మధ్యాహ్నానికి ఊరి బాట కనపడలేదు. ఊళ్ళో ఎత్తైన అరుగు చర్చిదే. అందరూ అక్కడికే చేరారు. మామ్మ మంచాన్ని నలుగురు ఎత్తారు, ఆమె చెప్పినట్టే. నాన్న, యాకోబు బాబాయి, మరో ఇద్దరు. వాళ్ళ భార్యలు పిల్లల్ని చంకనెత్తుకొని మొల లోతు నీళ్ళలో వెనక నడిచారు. బల్లల మీద మంచం పెట్టారు. చర్చి మెట్లు నీళ్ళలోకి ఒక్కొక్కటిగా దిగిపోయాయి. తరువాత నీళ్ళు లోపలికి వచ్చాయి. పిల్లల్ని, ముసలివాళ్ళను స్లాబు మీదికి ఎక్కించారు. మామ్మను నిచ్చెన ఎక్కించడం కుదరలేదు. మోసుకొచ్చేటప్పుడు నానిన పరుపు మీదే ఆ పగలూ ఆ రాత్రీ ఆమె ఉంది. నేను తువ్వాలు పిండి కాళ్ళకు చుట్టడం, మళ్ళీ పిండటం. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఆ కాగితం సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది.

మర్నాడు నీళ్ళు బల్లల అంచుకు వచ్చాయి. అప్పటికి అందరికీ తెలిసిన సంగతిని ఎవరూ నోటితో అనడం లేదు. ఊరికి దిగువన అడ్డంగా ఉన్నది మా చెరువు గట్టే. వచ్చిన నీళ్ళు సముద్రానికి పోయే ఉప్పుటేటి వైపు జారిపోనివ్వకుండా ఊళ్ళోకి తోస్తున్నది అదే. చివరికి యాకోబు బాబాయి, నవ్వించకుండా ఆయన మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్కసారే, "గట్టు రెండు పక్కలా తెంపితే జానెడు తగ్గుద్దన్నయ్యా" అన్నాడు. నాన్న మామ్మ మంచం కోళ్ళ వైపు చూశాడు. తరువాత నీళ్ళలోకి దిగి, చర్చి వెనక సమాధులు తవ్వే పార తీసుకొని తాటిదోనె ఎక్కాడు. ఎవరి అనుమతీ అడగలేదు. ఎవరి సంతకమూ అడగలేదు. కాపలా కాయడానికి మేం ఉండిపోయిన గట్టును మా నాన్నే కొట్టాడు. మిగతా మగవాళ్ళు మరో మూడు దోనెల్లో వెళ్ళి చెయ్యి వేశారు. స్లాబు మీద నుంచి మేం చూస్తున్నాం. గండి పడగానే రెండేసి కిలోల శీలావతి చేపలు ఎండలో తళతళ మెరుస్తూ ఎగిరి అవతల పడ్డాయి. ఆ ఊళ్ళో చేప కనపడితే చెయ్యి చాచని మనిషి లేడు. ఆ రోజు ఎవరూ చెయ్యి చాచలేదు.

నీళ్ళు జానెడు తగ్గాయి. ఆ మర్నాడు పడవలు వచ్చాయి. మొదటి పడవలో ఆ ఆఫీసరుగారే ఉన్నాడు. ఆయన చేతిలో ఏ పుస్తకమూ లేదు. "ముందు మామ్మగారిని ఎక్కించండి" అని తనే నడుం కింద చెయ్యి వేసి ఎత్తాడు. నాన్న తల ఎత్తి ఆయన ముఖం చూడలేదు. హైస్కూల్లో మామ్మకు కిటికీ పక్కన పొడి చాప వేశారు. వంకాయ కూర పెట్టారు. "ఉప్పు తక్కువైంది గానీ వేడిగా ఉంది" అంది మామ్మ. అప్పటికే ఆమె గొంతులో గురగుర మొదలైంది. నెమ్ము ఊపిరితిత్తులకు పట్టిందన్నారు. ఏలూరులో ఆసుపత్రిలో పెట్టాం. పడవెక్కిన పదకొండో రోజున ఆమె ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. "వయసు కూడా అయిపోయింది కదండీ" అన్నాడు డాక్టరుగారు. అందరూ అదే అన్నారు. ఆమె లేకుండా మొదటి సాయంత్రం ప్రార్థనలో నాన్న వాక్యం చదువుతూ ఒక చోట ఆగిపోయాడు. మంచం వైపు చూశాడు. దగ్గు వినపడలేదు. ఆయన తప్పు చదివాడో లేదో మాకెవరికీ తెలియలేదు.

ఆ తరువాత నాన్న బతికినన్నాళ్ళూ ఆ నిర్ణయం తనదేననుకున్నాడు. "మా అమ్మను నేనే తడిపేశాను" అని ఒకసారి పొలం గట్టు మీద నాతో అన్నాడు. చెప్పడానికి దేవుడు ఇచ్చిన సమయం అది. నేను "అలా అనుకోకు నాన్నా" అన్నాను. ఓదార్పులా వినపడే అబద్ధం అది. ఆయన ఆ బరువు మోస్తూనే వెళ్ళిపోయాడు. నేను మొయ్యనిచ్చాను.

ఇప్పుడు ఫోను కూస్తే మా వాళ్ళు సంచి సర్దుకొని బయల్దేరుతున్నారు. నాకు సంతోషం. అయితే అనుమానం పోయిందని నేను అనుకోను, చోటు మార్చుకుంది. ఫోనులో ఎవడు పంపిందో తెలియని కబురును మా సంఘంలో కళ్ళు మూసుకొని నమ్ముతారు, ఎదురుగా నిలబడి బొంగురు గొంతుతో చెప్పే మనిషిని నమ్మరు. నా సంగతి సరేసరి. మా స్కూల్లో ఏ సర్క్యులరు వచ్చినా ముందు నా బల్ల మీద పెడతారు. "మీరు ఒకసారి చూస్తే మాకు నిశ్చింతండీ" అంటారు. నేను తిప్పి చూస్తాను, కింద ఖాళీ ఉందేమో చూస్తాను. నా తెలివి అని వాళ్ళు మెచ్చుకునేది ఏమిటో నాకు తెలుసు.

మా లంక చర్చిలో ఏటా ఆ వరద తగ్గిన రోజున కృతజ్ఞతారాధన జరుపుకుంటాం. ఆ వరద గురించి ఎవరో ఒకరు సాక్ష్యం చెబుతారు. నేను కూడా చాలాసార్లు చెప్పాను, బాగా చెబుతానని పేరు. నీళ్ళు బల్లల అంచుకు వచ్చాయని చెబుతాను, దేవుడు జానెడు తగ్గించాడని చెబుతాను, చివర మా సంఘమంతా కలిసి ఎప్పుడూ అనే మాటే అంటాం: "అంత నీళ్ళలోనూ ఒక్క ప్రాణం పోలేదు." మామ్మ పోయింది పదకొండు రోజుల తరువాత కాబట్టి ఆమె ఆ మాటలోకి రాదు. మేం అక్కడ ఎందుకు ఉండిపోయామన్నది కూడా ఆ మాటలోకి రాదు. ఈ ఏడు మళ్ళీ నన్నే సాక్ష్యం చెప్పమన్నారు. సరేనన్నాను.

చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించే పద్ధతి మా సంఘంలో లేదు. మామ్మకు నా ప్రార్థనతో పని లేదు, ఆమె ఆరిన చోట ఉంది. నాకే కావాలి. సాక్ష్యం చెప్పే రోజు ఆ అరుగు మీద నిలబడినప్పుడు, అలవాటైన మాట నా నోటి దాకా వచ్చినప్పుడు, దాన్ని అక్కడే ఆపి, ఒక ప్రాణం పోయిందని, ఆమె పేరు రాహేలమ్మ అని, ఆ పుస్తకంలో ఏ దోషమూ లేదని తెలిసి కూడా ఉందన్నది నేనేనని చెప్పగలగాలి. నా మీద నాకు నమ్మకం లేదు. అందుకే అడుగుతున్నాను. ఇంతదాకా చదివిన మీరు ఒక్క నిమిషం కళ్ళు మూసుకొని, నా పేరు తెలియకపోయినా ఫరవాలేదు, నా కోసం ఈ ఒక్క మాట అడగండి: ప్రభువా, ఆమె నోటి వెంట ఆ పేరు పలికించు.